వింత కథకు కట్టుబాటు: ప్రహ్లాద నాటకము మొదలు టెలివిజను వరకు

గంజాము సీమలో పుట్టి పెరిగినవారికి ప్రహ్లాద నాటకమును గూర్చి క్రొత్తగ చెప్పవలసిన పని లేదు. రాత్రి మద్దెల మ్రోగినది మొదలు తెల్లవారువరకు సాగు నాటకమది. మెట్లు మెట్లుగ కట్టిన వేదికపై హిరణ్యకశిపుడు కొలువు దీరును. అడుగడుగునకు దర్పము చూపుచు మెట్లు దిగును, మరల నెక్కును. నరసింహుని ముఖమును వట్టి నాటక సామగ్రిగ గాక దేవతగ నెంచి పూజింతురు. దానిని ధరించినవాడు ఆవేశమున ఎదుటి పాత్రధారిపై నిజముగనే విరుచుకొని పడునేమో యని కొందరు పట్టుకొని నిలుపుట ఇచటి ఆచారము.

ఈ నాటకము పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున జలంత్ర సంస్థానాధిపతి రామకృష్ణ ఛోటరాయ్ పేర వెలసినది. రచన ఒడియా భాషలోనిది. నడుమ నడుమ సంస్కృత శ్లోకములు వచ్చును. సంగీతమున దక్షిణాది రాగముల పోకడ స్పష్టముగ వినవచ్చును. ఆనాడు జలంత్ర మద్రాసు రాజధానియందలి గంజాము జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, గంజాములో అధిక భాగము దానిలో చేరినది. జలంత్ర మద్రాసు వైపున నిలిచిపోయి, నేడు ఆంధ్రప్రదేశమున శ్రీకాకుళము జిల్లాలో నున్నది. నాటకము మాత్రము ఒడిశాలోని గంజాము పల్లెలయందు బ్రదికి యున్నది. మన కుటుంబములలో పెక్కింటి కథయు నిట్టిదే. మనము కదలలేదు, సరిహద్దు కదలినది.

ఆ నాటకమును ఇచట ప్రస్తావించుటకు వేరొక కారణము కలదు. దాని కథకు ఆయువుపట్టు ఒక వరము. మనుష్యుని చేతగాని, మృగము చేతగాని, పగలుగాని, రేయిగాని, ఇంటగాని, బయటగాని, నేలపైగాని, నింగియందుగాని, ఆయుధముచేతగాని తనకు చావు రాకూడదని హిరణ్యకశిపుడు బ్రహ్మను కోరినాడు. బ్రహ్మ యిచ్చినాడు. ఇక దేవుడు వానిని చంపవలెను. దేవునికి అసాధ్యమైనది లేదు. మిట్టమధ్యాహ్నము కత్తితో నరికినను అడుగువారు లేరు. అయినను అట్లు జరిగినచో తెల్లవార్లు మేలుకొని కూర్చున్న ప్రేక్షకులలో ఒక్కడును ఒప్పుకొనడు. సంధ్యవేళ, గడపమీద, తొడపై నుంచుకొని, గోళ్లతో, నరుడును మృగమును గాని రూపమున చంపినప్పుడే వారి మనస్సు కుదుటపడును. స్తంభమునుండి సింహము పుట్టుటను వారు ప్రశ్నింపరు. ఒకసారి యిచ్చిన మాట తప్పుటను మాత్రము క్షమింపరు.

వింతను ఒప్పుకొనుట, అసంగతిని ఒప్పుకొనకపోవుట అను ఈ రెండు గుణములును ఒక్క ప్రేక్షకునియందే యుండుట గమనింపదగినది. బరంపురమున రెండేండ్ల కొకసారి జరుగు ఠాకురాణీ యాత్రయందును ఇదియే న్యాయము. పులి వేషము కట్టినవాడు మన వీధివాడే యని పిల్లవానికిని తెలియును. వాడు పులి కాడని యెవ్వరును ఆక్షేపింపరు. వేషము కట్టినంతసేపు పులివలె నడువకున్న మాత్రము నలుగురును నవ్వుదురు.

నేడు మన యిండ్లలో పిల్లలు టెలివిజనులో చూచు వైజ్ఞానిక కల్పనా కథలను గూర్చి రెండు మాటలు తరచుగ వినవచ్చుచున్నవి. పెద్దలు కొందరు, “అంతయు అబద్ధము, చూచి యేమి లాభము?” అందురు. పిల్లలు, “కథయే కదా, అందులో తప్పొప్పులేమి?” అందురు. నాటకమెరిగిన గంజాము ప్రేక్షకుడు ఈ రెండు మాటలను ఒప్పుకొనడు. మొదటి మాట వింతను నిషేధించును, రెండవ మాట విచారణను నిషేధించును. వింత కథకే గట్టి కట్టుబాటు కావలెనను ఎరుక మన సాహిత్యమున చాల పూర్వమునుండి కలదు. ఆ చరిత్రను కొంత స్మరించి, పిమ్మట టెలివిజను కథలను దానితో సరిచూచెదము.

సుమారు పదమూడు వందల ఏండ్ల క్రిందటి దండి తన కావ్యాదర్శమున పది కావ్యదోషములను చెప్పినాడు. వానిలో నొకటి వ్యర్థము. ఈ మాటకు నేడు మనము చెప్పుకొను ‘పనికిరానిది’ అను అర్థము అచట కాదు. ఒకే రచనలో ముందు చెప్పినదానికి వెనుక చెప్పినది విరుద్ధమగుట వ్యర్థము. మరియొక దోషము దేశమునకు, కాలమునకు, కళలకు, లోకమునకు, న్యాయమునకు, ఆగమమునకు విరుద్ధముగ వ్రాయుట. రెండింటిని ఆయన వేరువేరుగ లెక్కించుట ముఖ్యము. లోకముతో పొసగకపోవుట ఒకటి, తనతో తానే పొసగకపోవుట మరియొకటి. అంతటితో నాగక, తీవ్రమైన ఆవేశమున నున్నవాని నోట పరస్పర విరుద్ధమైన మాటయు శోభించుననియు, కవి నేర్పుచే దేశకాల విరోధమును గుణముగ మారవచ్చుననియు ఆయన మినహాయింపులు చెప్పినాడు. దోషమును పట్టుకొనుట యెంత అవసరమో, దోషము కానిదానిని విడిచిపెట్టుటయు అంత అవసరమని దీని భావము.

తెలుగున ఈ కట్టుబాటుకు పరాకాష్ఠ పదునారవ శతాబ్దియందలి పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము. సత్యలోకమున బ్రహ్మ సరస్వతికి చెప్పిన యొక కథ భూలోకమున నిజముగ జరిగిపోవుచుండును. ముందు ఫలము కనబడును, కారణము చాల తడవుకు తెలియును. మణికంధరుడు నలకూబరుని రూపమున, కలభాషిణి రంభ రూపమున సంచరించుటచే నిజమైనవారెవరో, మాయవారెవరో తెలియని చిక్కు లేచును. పూర్వజన్మలు, శాపములు, రూపాంతరములు ఒకదానితో నొకటి పెనవేసికొని యున్నను, ముందు వేసిన ముడులకు వెనుక విప్పుటలు దొరకుచునే యుండును. కాలమును వెనుకకు ముందుకు త్రిప్పు కథలు మనకు పాశ్చాత్యులనుండియే వచ్చినవని తలచువారు ఈ కావ్యమును చదువవలెను.

సూరన పనితనమును నూతన విమర్శ దృష్టితో పరీక్షించినవారు కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన 1914లో వెలువరించిన కవిత్వతత్త్వ విచారము ప్రధానముగ సూరన కావ్యములను గూర్చినది. పద్యము వెంట పద్యమును మెచ్చుకొనుటతో విమర్శ ముగియదనియు, కథ యెట్లు కట్టబడినదో, పాత్రలు తమ స్వభావమునకు తగినట్లు నడచుచున్నవో లేదో చూడవలెననియు తెలుగువారికి అలవాటు చేసిన గ్రంథములలో అది ముఖ్యమైనది. టెలివిజను ముందు కూర్చుండి, “ఇది యెట్లు కుదురును?” అని యడుగు బాలుడు తెలియకయే ఆ మార్గమున నడచుచున్నాడు.

ఇక టెలివిజను సంగతి. మన దేశమున పల్లెలకు టెలివిజను వైజ్ఞానిక కల్పనగ గాక విజ్ఞానముగనే వచ్చినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు ఒక సంవత్సరము, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారము చేసిరి. ఆ రాష్ట్రములలో ఒరిస్సాయు, ఆంధ్రప్రదేశమును గలవు. కటకమునందును, హైదరాబాదునందును కార్యక్రమములను తయారుచేసిరి. ఒడియా, తెలుగు భాషలు ఆకాశమునుండి దిగి పల్లె ముంగిట వినబడినవి. వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లలకు విజ్ఞాన పాఠములు ఆ ప్రసారముల విషయములు.

ఆనాటికే పాశ్చాత్య దేశములలో కల్పనా కథల పరంపరలు పాతవడినవి. ఇంగ్లండులో డాక్టర్ హూ 1963 నవంబరు 23న, అమెరికాలో స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న మొదలైనవి. స్టార్ ట్రెక్ 1980ల దశకమున దూరదర్శన్ ద్వారా మన దేశమునకును వచ్చినది. 1989లో ఇంద్రధనుష్, 1998లో కెప్టెన్ వ్యోమ్ అను హిందీ ధారావాహికలు వెలువడినవి. 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఉపగ్రహ ఛానెళ్లు రాగా, బరంపురమున తెలుగింటికి తెలుగు మాట దినదినము వినబడు వీలు కలిగినది.

స్టార్ ట్రెక్‌లో లోకమెల్ల ఎరిగిన యొక అసంగతి కలదు. 1966 అక్టోబరులో ప్రసారమైన ‘ది ఎనిమీ విదిన్’ అను కథలో, మనుష్యులను ఓడనుండి గ్రహముపైకి క్షణములో చేర్చు యంత్రము చెడి, నాయకుడైన కిర్క్ ఇద్దరుగ విడివడును. ఒకడు సాధువు, ఒకడు క్రూరుడు. యంత్రము చెడుటచే గ్రహముపై నున్న సులూ మొదలగువారు పైకి రాలేక రాత్రి చలికి గడ్డకట్టుచుందురు. వారి బాధయే కథకు ఉత్కంఠ. చూచువాడు అడుగును: అంత పెద్ద ఓడలో ఒక్క చిన్న విమానమైన లేదా? దానిని క్రిందికి పంపి వారిని తీసికొని రారాదా? 1967 జనవరిలో వచ్చిన మరియొక కథలో ఆ ఓడకు చిన్న విమానములు కలవని తెలిసినది! మొదటి కథ చిత్రించునాటికి ఆ విమానమును నిర్మాతలు కల్పించియుండలేదు. కథలోని లోకమున నున్న వస్తువు నిర్మాతల లోకమున ఇంకను పుట్టలేదు.

ఇట్టి దోషములకు కారణము రచయితల తెలివితక్కువ యని తలచుట అన్యాయము. ఆ క్షణప్రయాణ యంత్రమే వ్యయభయమునుండి పుట్టినది. వారము వారము పెద్ద ఓడ గ్రహముపై దిగుటను చిత్రించుటకు ధనము చాలదు కనుక, మనుష్యులను మెరుపువలె దింపు ఉపాయమును కల్పించిరి. తీరా ఆ యంత్రము అన్ని ఆపదలను క్షణములో తీర్చివేయుచుండుటచే, ఆపద నిలువవలెనన్న కథకొకమారు అది చెడక తప్పలేదు. కథలోని తేదీలకు సైతము స్థిరమైన లెక్క లేదు. ‘స్టార్ డేట్’ పేర నాలుగంకెల సంఖ్యను తోచినట్లు వేయుమని రచయితలకు చెప్పియుండిరి. సూరన కావ్యమును ఒక్కడు వ్రాసినాడు. ఈ ధారావాహికలను పలువురు వ్రాయుదురు, గడువు వారమునకు వారము తరుముచుండును. అనేకులు నేసిన వస్త్రమున పోగు తప్పుట వింత కాదు. బరంపురపు పట్టుమగ్గమెరిగినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు.

డాక్టర్ హూ కథలో రెండు ఉదాహరణములు మన వరముల ధర్మమునకు మరింత దగ్గరగ నున్నవి. సముద్రమున మునిగిన అట్లాంటిస్ నగరము వినాశమునకు 1967, 1971, 1972 సంవత్సరముల కథలలో మూడు వేర్వేరు కారణములు వినబడును. ఒకదానిని మరియొకటి తలచదు. ఇది మరపు. దండి చెప్పిన వ్యర్థదోషమునకు చక్కని దృష్టాంతము.

రెండవది వేరు. ప్రధాన పాత్ర ధరించిన హార్ట్‌నెల్ అను నటునికి ఆరోగ్యము తప్పగా, 1966లో నిర్మాతలు ఆ పాత్ర మరణసమయమున క్రొత్త దేహము దాల్చునని కల్పించి, ట్రౌటన్ అను మరియొక నటుని ప్రవేశపెట్టిరి. నటుల మార్పునకు ఇంతకంటె అందమైన ఉపాయము దొరకుట అరుదు. 1976లో వచ్చిన యొక కథ ఈ వరమునకు హద్దు విధించినది: దేహము మార్చుట పన్నెండుసార్లే, అనగా పదమూడు జన్మలే. ఆనాడు అది చాల దూరపు మాట. ధారావాహిక కొనసాగి, నటులు మారి మారి, ఆ హద్దు నిజముగనే యెదురైనది. దానిని మరచినట్లు నటింపవచ్చును. 2013 క్రిస్మసునాటి కథలో నిర్మాతలు అట్లు చేయలేదు. హద్దు వచ్చినదని పాత్రచే ఒప్పించి, అతని జాతివారు క్రొత్త వరము నొసగినట్లు చూపిరి. ముప్పదియేడేండ్ల నాటి మాటను గుర్తుంచుకొని దానికి లెక్క చెప్పిరి. గంజాము ప్రేక్షకుని తూనికలో ఇది నరసింహుని ఉపాయమునకు సరితూగదు. వరములోని మాటలను మీరకయే దారి వెదకుట వేరు, క్రొత్త వరము తెచ్చి పాతదానిని పొడిగించుట వేరు. అయినను మాట మరచుటకంటె మాటకు బదులు చెప్పుట మేలు.

అసంగతిని పట్టుకొను ప్రేక్షకులు సామాన్యముగ శత్రువులు కారు. ఫిల్ ఫరాండ్ అను అమెరికను రచయిత స్టార్ ట్రెక్ రెండవ పరంపరలోని తప్పులనేరి 1993లో ఒక గ్రంథమే ప్రకటించినాడు. ప్రతి కథను ఎన్నిమారులో చూడనివాడు అట్టి పని చేయలేడు. తప్పు పట్టుకొనువారే తప్పును దిద్దుటకును ముందుకు వచ్చుచుందురు. 1967 ఫిబ్రవరిలో ప్రసారమైన కథలో ఖాన్ అను ప్రతినాయకుడు ఓడలోనికి వచ్చును. చెకోవ్ అను పాత్ర ఆ సంవత్సరమే సెప్టెంబరులో, రెండవ పరంపరతో గాని ప్రవేశింపదు. 1982లో వెలువడిన చలనచిత్రమున ఖాన్ చెకోవ్‌ను చూచి, ‘నీ ముఖము నేనెరుగుదును’ అను భావముతో పలుకరించును. ఎన్నడు చూచినాడు? “చెకోవ్ అప్పటికే ఓడలో వేరొకచోట పనిచేయుచుండెను, మనకు కనబడలేదంతే” అని ప్రేక్షకులు సమాధానము కూర్చిరి. పురాణములలో పూర్వాపర విరోధము తోచినచోట కల్పభేదమునో, వేరొక సందర్భమునో చూపి సమన్వయించు మన వ్యాఖ్యాతల పద్ధతి ఇదియే. శంక, సమాధానము అను రెండు కాళ్లపై మన శాస్త్రములన్నియు నడచినవి.

తెలుగు చలనచిత్రములలో ఈ జాతికి చెందినది 1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున వచ్చిన ఆదిత్య 369. అందు కాలయంత్రమెక్కినవారు 1526వ సంవత్సరమునకు పోయి శ్రీకృష్ణదేవరాయల సభను చూతురు, పిదప 2504వ సంవత్సరమునకు పోదురు. రాయలు 1509 మొదలు 1529 వరకు ఏలినవాడు గనుక ఆ సంవత్సరము చక్కగ కుదిరినది. ఆ సభలో తెనాలి రామకృష్ణుడు కూడ దర్శనమిచ్చును. ఆ కవి రాయల తరువాతి కాలపువాడని పండితులలో పలువురి అభిప్రాయము. ఇది దోషమా? దండి విభాగము ఇచట అక్కరకు వచ్చును. ఇది లోకముతో, చరిత్రతో గల పేచీ. కథ తనతో తాను పడిన పేచీ కాదు. తెలుగువాని మనస్సులో రాయల సభయన్నచో రామకృష్ణుడు లేక తీరదు. అచట కథ చరిత్రను గాక చాటువుల లోకమును నమ్ముకొన్నది. మరి నాలుగున్నర శతాబ్దములకు పైబడిన యెడమున్నను రాజును, ఈ కాలపు యువకుడును ఒకరి తెలుగు ఒకరికి తడబాటు లేక తెలియుట యెట్లు? ఇది నాటకమర్యాదగ అందరును విడిచిపెట్టునది. యంత్రము ఎట్లు నడచునని కథ చెప్పినదో, చివరివరకు అట్లే నడచినదా యనునదే నిజమైన పరీక్ష.

కనుక చూచువాడు మూడు ప్రశ్నలను వేరుచేసికొనవలెను. ఇది లోకమున జరుగునా? ఇది వింతను గూర్చిన ప్రశ్న, కథను దీనిచే కొట్టివేయరాదు. ఇది విజ్ఞానమునకు, చరిత్రకు సరిపడునా? ఆ కథ తాను విజ్ఞానమనియో చరిత్రయనియో ఎంత గట్టిగ చాటుకొన్నదో అంత గట్టిగ అడుగదగినది. ఇది తన మాటకు తాను కట్టుబడినదా? దీనికి మాత్రము మినహాయింపు చాల తక్కువ.

ఇంతవరకు చెప్పినది వినోదమునకు సంబంధించిన విచారణగ తోచవచ్చును. కాని బరంపురమునందును, గంజాము పట్టణములయందును తరతరములుగ నివసించు తెలుగు కుటుంబములకు దీనిలో గట్టి లాభనష్టములు కలవు. మన పిల్లలలో పలువురు బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ చదువుకొనుచున్నారు. ఇంట తెలుగు మాటాడుదురు. ఏ తెలుగు? అన్నము తినుమనుటకు, తలుపు వేయుమనుటకు, పెండ్లికి పేరంటమునకు చాలు తెలుగు. వాదము వచ్చినప్పుడు, లెక్క చెప్పవలసినప్పుడు, “నీవన్నది తప్పు, ఎందుకనగా” అని మొదలిడవలసినప్పుడు, వారు తెలియకయే మరియొక భాషలోనికి జరిగిపోవుదురు. ఒడియాయు ఇంగ్లీషును నేర్చుట మేలే, అందు కొరత లేదు. కాని ఆజ్ఞలకు, ఆప్యాయతకు మాత్రమే మిగిలిన భాష ఒక తరము దాటులోపల కుంచించుకొనిపోవును. ఏ భాషలో మనుష్యుడు ప్రశ్నించునో, ఆ భాషలోనే వాని బుద్ధి కాపురముండును.

లిపి నేర్పుటకు పుస్తకము కావలెను, గురువు కావలెను, తీరిక కావలెను. వాదము నేర్పుటకు ఇవి యేవియు నక్కరలేదు. సాయంకాలము టెలివిజను ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండియే యుందురు. అంతరిక్షపు ఓడల సంగతి మనుమనికి తెలియును. వరముల సంగతి, శాపవిమోచనముల సంగతి అవ్వకు తెలియును. మాట యెక్కడ తప్పినదో పట్టుకొనుటలో అవ్వ మనుమనికంటె ఆరితేరినది. ఇద్దరును కలిసి ఒక్క కథను తెలుగున తర్కించినచో, కొన్ని వాక్యములు తమంత తాము పుట్టును. “ఆ చిన్న విమానము అప్పుడే యుండినచో వారిని చలికి వదలియుందురా?” “పన్నెండే యని ముందు చెప్పకపోయినచో, ఇప్పుడు క్రొత్త వరము కావలసి వచ్చెడిదా?” ఉండినచో, లేకపోయినచో, కావలసి వచ్చెడిదా: జరుగనిదానిని ఊహించి జరిగినదానిని తూచు ఈ క్రియారూపములు ఆజ్ఞలయందు వినబడవు, ఆశీస్సులయందు వినబడవు. తగవులాడు నోటియందే బ్రదుకును. వానిని మన పిల్లల నోట నిలుపుటకై కొన్ని సాయంకాలములు గొడవపడవలసి వచ్చినను, ఆ గొడవ మన యిండ్లకు శుభమే.